ఇంటి షెడ్డులో లేత్ మిషన్ కూర్చోబెట్టడం: నేల నుంచి టెయిల్‌స్టాక్ దాకా

విశాఖ ఆటోనగర్‌లో ఒక పాత నాలుగున్నర అడుగుల లేత్ (ఇనుప ముక్కను తిప్పుతూ కోసే మిషన్) కొని, విజయనగరంలోనో ఆమదాలవలసలోనో ఇంటి వెనక షెడ్డులో దించుకున్నారనుకుందాం. ముక్కను పట్టి తిప్పే చక్ బాగానే తిరుగుతోంది, గేర్ల శబ్దం కూడా లేదు. కానీ 30 మి.మీ. షాఫ్ట్ టర్నింగ్ చేస్తే చక్ దగ్గర 30.00, అవతలి చివర 30.08 వస్తోంది. బేరింగ్ ఒక చివర సులువుగా ఎక్కుతోంది, రెండో చివర అసలు ఎక్కట్లేదు. ఇలాంటప్పుడు చాలామంది బెడ్ (పట్టాలున్న పొడవాటి పోత ఇనుప దిమ్మ) అరిగిపోయిందని తేల్చేసి, అమ్మకానికి పెట్టేస్తారు. తొందరపడొద్దు. ముందు దాన్ని నేల మీద ఎలా కూర్చోబెట్టారో చూడాలి.

లేత్‌ని లెవెల్ చేయడమంటే దాన్ని భూమికి సమాంతరంగా పెట్టడమని అందరూ అనుకుంటారు. నిజానికి అది రెండో సంగతి. ఓడల్లోని వర్క్‌షాపుల్లో కూడా లేత్‌లు ఉంటాయి, అవి సముద్రం మీద ఊగుతూనే తిన్నని షాఫ్ట్‌లు తీస్తాయి. అసలు పని బెడ్‌లో మెలిక లేకుండా చూడడం. నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టిగా ఉన్న మంచం మీద బరువైన మనిషి పడుకుంటే మంచం కదలదు, కానీ చట్రం మెలిపడుతుంది. బోల్టులు బిగించిన లేత్‌కీ అదే జరుగుతుంది. పోత ఇనుము ఎంత మందంగా ఉన్నా మెలిపడుతుంది. మనం కొలిచేది మైక్రాన్లలో, అంటే మి.మీ.లో వెయ్యో వంతుల్లో, కాబట్టి ఆ మెలిక జాబ్ (కోసే ముక్క) మీద కనబడిపోతుంది. లెవెల్‌లో బుడగ ఆ మెలిక చూసే కన్ను మాత్రమే. చివరి తీర్పు జాబ్ మీద మైక్రోమీటర్ ఇస్తుంది.

నేల, చోటు

టైల్స్ మీద, తాండూరు బండల మీద లేత్ పెట్టొద్దు. వాటి కింద ఇసుక, సున్నం పరుపు ఉంటుంది. ఎక్కడో ఒక చోట బోలుగా ఉండి, బరువు పడగానే దిగుతుంది. మిషన్ నిలబడే మేరకు బండలు తీయించి, కనీసం ఆరంగుళాల మందం కాంక్రీటు పోయించండి. అది ఒకే ముక్కగా ఉండాలి. హెడ్‌స్టాక్ (చక్ ఉన్న చివర) కాళ్ళు ఒక పలక మీద, టెయిల్‌స్టాక్ (రాడ్ రెండో చివరను ఆపే భాగం) కాళ్ళు ఇంకో పలక మీద ఉంటే ఆ రెండూ వేర్వేరుగా కదులుతాయి. అప్పుడు ఎన్నిసార్లు సరిచేసినా పని నిలవదు. పోశాక 28 రోజులు ఆగి మిషన్ దించడం మంచిది.

మన దగ్గర ఎక్కువ చోట్ల ఎర్ర నేల, సముద్రం వైపు ఇసుక నేల. ఈ రెండూ పెద్దగా ఇబ్బంది పెట్టవు. మీ స్థలం చెరువు కిందదో, నల్లరేగడి పాయ ఉన్నదో అయితే జాగ్రత్త. నల్లమట్టి వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో బీటలిస్తుంది. ఆ మట్టి కొంత లోతు తీసి మొరం నింపి, దిమ్మిస కొట్టించి, ఆ పైన కాంక్రీటు వేయాలి.

నేల పోసిన తాపీమేస్త్రి రసమట్టం పెట్టి చూపించి, "ఏటి బాబూ, బుడగ మధ్యలోనే ఉంది కదా, ఇంకా ఏటి చూడాలి?" అంటారు. ఆయన పనికి ఆ రసమట్టం చాలు. మన పనికి ఎందుకు చాలదో కింద లెక్కలో చూద్దాం.

గోడకు మరీ ఆనించకండి. వెనక కాళ్ళ బోల్టులకు స్పానర్ పెట్టడానికి, లెవెల్ మీద గీతలు చదవడానికి రెండడుగుల చోటు కావాలి. తలుపు, కిటికీ నుంచి ఎండ నేరుగా బెడ్ మీద పడకూడదు. ఒక పక్క వేడెక్కిన బెడ్ ఉదయం ఒక రీడింగ్, మధ్యాహ్నం ఇంకోటి చూపిస్తుంది.

చేతిలో ఏముండాలి

ఒక మెషిన్ లెవెల్ ముఖ్యం. ఒక గీత మీటరుకు 0.02 మి.మీ. చూపించే రకం, 200 మి.మీ. పొడవున్నది చాలు. కొనలేకపోతే మెషిన్ షాపు పెట్టుకున్న తెలిసినవాళ్ళ దగ్గర ఒక రోజుకి అడిగి తెచ్చుకోండి. మాగ్నెటిక్ బేస్ ఉన్న డయల్ గేజ్, 25-50 మి.మీ. మైక్రోమీటర్, సందులు కొలిచే ఫీలర్ గేజ్, సానరాయి, సందులో పెట్టే పలచటి ఇత్తడి షిమ్ రేకు కావాలి. షిమ్ దొరక్కపోతే కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా పక్క రేకు సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. మైక్రోమీటర్‌తో కొలిచి వాడుకోవచ్చు. అట్టముక్క, రబ్బరు షీటు పెట్టొద్దు. నూనె తగిలి నలిగి, నెల తిరక్కుండా మందం మారిపోతుంది.

రసమట్టం లెక్క ఇదీ. తాపీ పనిలో వాడే రసమట్టంలో మీటరుకు అర మి.మీ. తేడా ఉన్నా బుడగ కదిలిందో లేదో సరిగా తెలియదు. బెడ్ మీద నుంచి సెంటర్ (చక్ తిరిగే గీత) ఎత్తు 150 మి.మీ. అనుకోండి. బెడ్ ఆ చివర అంత వాలితే టూల్ కొన 0.075 మి.మీ. పక్కకు జరుగుతుంది, జాబ్ వ్యాసంలో 0.15 తేడా పడుతుంది. అదే 0.02 లెవెల్‌లో ఒక గీత తేడా అంటే టూల్ కొన 3 మైక్రాన్లు, వ్యాసం 6 మైక్రాన్లు. మన పని అక్కడ ఉంది.

దించడం, కడగడం

లేత్ బరువంతా హెడ్‌స్టాక్ వైపే ఉంటుంది, పైగా తలబరువు. ఎత్తేముందు క్యారేజ్ (టూల్‌ని మోస్తూ బెడ్ మీద నడిచే భాగం), టెయిల్‌స్టాక్ రెండూ అవతలి చివరకు జరిపి బిగించండి. ఎత్తే బెల్టు బెడ్‌కి వేయాలి. క్యారేజ్‌ని నడిపే కడ్డీలైన లీడ్‌స్క్రూ, ఫీడ్ రాడ్ మీద బరువు పడితే అవి వంగిపోతాయి, తరవాత త్రెడ్డింగ్ ఎప్పటికీ సరిగా రాదు. పైపుల మీద దొర్లించేటప్పుడు మిషన్ కింద చేతులు, కాళ్ళు పెట్టనివ్వకండి.

బెడ్‌ని కిరోసిన్‌తో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, వేలి కొసతో పొడవునా రాసి చూడండి. గుచ్చుకునే చోట సానరాయిని పరచి తేలిగ్గా రుద్దండి. లేచిన మొన మాత్రమే పోవాలి, ఉపరితలం అరగకూడదు. కాళ్ళ అడుగున పాత రంగు, సిమెంటు చారలు గీకేయాలి. చాలామంది ఈ పని వదిలేస్తారు. కానీ కాలి కింద ఒక రంగు పెచ్చు ఉన్నా అది కూడా లెక్కలేని షిమ్ కిందే లెక్క.

స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) బేరింగ్‌లో లూజు ఉందేమో ఇప్పుడే చూడండి. డయల్ గేజ్‌ని బెడ్ మీద నిలిపి కొనను స్పిండిల్ ముక్కుకు ఆనించి, చక్‌లో బిగించిన చెక్క మొద్దుతో పైకి, కిందకి గట్టిగా లాగండి. 0.02 మి.మీ. కన్నా ఎక్కువ ఆడితే ముందు బేరింగ్ సర్దుకోవాలి. లూజు స్పిండిల్ ఉన్న లేత్‌లో మెలిక వెతకడం దండగ.

కాళ్ళు ఆనించడం

ఒక్కో కాలి కింద 10 మి.మీ. మందం, నాలుగంగుళాల చదరం ఎమ్‌ఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు వేసి, దాని మీద లెవెలింగ్ బోల్టు కూర్చోబెట్టండి. బోల్టుకి లాక్‌నట్ తప్పనిసరి. రబ్బరు ప్యాడ్ల మీద పెడితే చప్పుడు తగ్గుతుంది నిజమే. కానీ సన్నబెడ్ ఉన్న ఇంటి లేత్‌కి మెలిక తీయాలంటే కాలు నేలను గట్టిగా పట్టుకోవాలి, రబ్బరు ఆ పట్టు ఇవ్వదు. నా మాటగా ప్యాడ్లు వద్దు, కాలిని నేలకి బిగించే యాంకర్ బోల్టులు వేయండి.

యాంకర్ నట్లు బిగించకుండా, మిషన్ తన బరువుతోనే నాలుగు కాళ్ళ మీద కూర్చోవాలి. ఒక్కో కాలి దగ్గర ఫీలర్ గేజ్ తోసి చూడండి. 0.05 రేకు దూరినా ఆ కాలు గాలిలో ఉన్నట్టే.

బుడగతో పని

ముందు లెవెల్‌నే పరీక్షించండి. ఒక చోట పెట్టి, బుడగ నిలిచేదాకా ఒక నిమిషం ఆగి చదవండి. అదే చోట చివరలు మార్చి మళ్ళీ చదవండి. రెండుసార్లూ బుడగ మీ నుంచి చూస్తే ఒకే వైపు, ఒకే గీత మీద ఉంటే లెవెల్ బాగుంది. తేడా ఉంటే అందులో సగం లెవెల్ తప్పు. మెలిక చూడడానికి ఆ తప్పు అడ్డం కాదు, ఎందుకంటే మనకు కావలసింది రెండు చివరలా ఒకే రీడింగ్. లెవెల్ మాత్రం ప్రతిసారీ ఒకే దిక్కుగా పెట్టాలి. గాజు మీద చెయ్యి పెట్టినా, దగ్గరగా ఊపిరి వదిలినా బుడగ కదులుతుంది.

మొదట పొడవునా చూసి, రెండు మూడు గీతల లోపలికి తెచ్చి వదిలేయండి. ఇందులో మరీ పట్టింపు అక్కర్లేదు. కూలెంట్ ఒక వైపు నిలవకుండా, క్యారేజ్ దానంతట అది జారకుండా ఉంటే చాలు.

తరవాత అడ్డంగా. చాలా బెడ్‌లకి వీ పట్టాలుంటాయి, వాటి మీద లెవెల్ నిలవదు. సమాన ఎత్తున్న గ్రౌండ్ బ్లాకులు రెండు చదును పట్టాల మీద పెట్టి, వాటి మీద లెవెల్ పెట్టొచ్చు. ఇంకా మంచి పద్ధతి, క్రాస్‌స్లైడ్ (క్యారేజ్ మీద టూల్‌ని అడ్డంగా జరిపే భాగం) చదును భాగం మీద అడ్డంగా లెవెల్ పెట్టి క్యారేజ్‌తో పాటు నడిపించడం. టూల్ ఎటు వాలుతోందో అప్పుడు నేరుగా తెలుస్తుంది. చక్ దగ్గర చదివి, లెవెల్‌ని కదపకుండా క్యారేజ్‌ని నెమ్మదిగా టెయిల్‌స్టాక్ చివరకు నడిపి మళ్ళీ చదవండి. మధ్యలో ప్రతి 100 మి.మీ.కి ఆగి రాసుకోండి.

ఈ అంకెల వరస చాలా సంగతులు చెబుతుంది. చక్ నుంచి చివరి దాకా తేడా సమానంగా పెరుగుతూ పోతే అది మెలిక, కాళ్ళ దగ్గర సరిచేయొచ్చు. చక్ ముందు ఒక అడుగు మేర మాత్రమే బుడగ పక్కకు పోయి, తరవాత నిలకడగా ఉంటే అది అరుగుదల. రోజూ పని జరిగేది అక్కడే కదా. దాన్ని షిమ్‌తో సరిచేయబోతే అరగని భాగం కూడా చెడుతుంది. బెడ్ గ్రైండింగే దారి, లేదా ఆ తేడాతో సర్దుకుని పని చేసుకోవడం.

మెలికే అని తేలాక హెడ్‌స్టాక్ వైపు యాంకర్ నట్లు ముందు బిగించండి. తరవాత టెయిల్‌స్టాక్ వైపు ముందు, వెనక కాళ్ళ లెవెలింగ్ బోల్టులతో అక్కడి రీడింగ్‌ని చక్ దగ్గరి రీడింగ్‌కి సమానం చేయండి. హెడ్‌స్టాక్ వైపు ఇక ముట్టుకోవద్దు. రెండు చివరలూ ఒకేసారి తిప్పితే ఏది దేనివల్ల మారిందో తెలియదు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇప్పుడు జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. బుడగ సమానమయ్యాక టెయిల్‌స్టాక్ వైపు యాంకర్ నట్ ఒకటి బిగిస్తూ లెవెల్‌ని చూడండి. స్పానర్ బిగిసే కొద్దీ బుడగ మెల్లగా పాకుతుంటే ఆ కాలు ప్లేటు మీద పూర్తిగా ఆనలేదన్నమాట, నట్ బెడ్‌ని కిందకి లాగుతోంది. నట్ వదులు చేయండి, బుడగ వెనక్కి వస్తుంది. ఫీలర్‌తో సందు కొలిచి, అంత మందం షిమ్ పెట్టి మళ్ళీ బిగించండి. బుడగ నిలిచిన చోటే నిలవాలి. ఆ వైపు నట్లన్నిటికీ ఇలా చేస్తే గంట పట్టొచ్చు. మొత్తం పనిలో ఇదే కీలకం, దీనికి ఎంత సమయమైనా ఇవ్వండి.

జాబ్ చెప్పే తీర్పు

40 మి.మీ. ఎమ్‌ఎస్ రాడ్‌ని చక్‌లో గట్టిగా పట్టించి, 170 మి.మీ. బయటికి ఉంచండి. టెయిల్‌స్టాక్ సెంటర్ (రాడ్ చివరను ఆపే మొన) పెట్టొద్దు. సెంటర్ పెడితే టెయిల్‌స్టాక్ తప్పు కూడా కలిసిపోతుంది. చక్ దగ్గర ఒకటి, చివర ఒకటి 15 మి.మీ. వెడల్పు పట్టీలు వదిలి, మధ్య భాగం ఒక మి.మీ. లోతు తీసేయండి. పట్టీల మధ్య నుంచి మధ్యకి 150 మి.మీ. వస్తుంది.

బాగా పదును పెట్టిన హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్ వాడండి, ముక్కు గుండ్రం చిన్నదిగా ఉండాలి. మొద్దు టూల్ రాడ్‌ని తోసేస్తుంది, ఆ వంపును మీరు మెలిక అనుకుంటారు. 0.1 మి.మీ. కట్ పెట్టి చివరి పట్టీ కోసి, క్రాస్‌స్లైడ్ హ్యాండిల్ ముట్టుకోకుండా చక్ దగ్గరి పట్టీ కోయండి. అదే సెట్టింగ్‌లో ఇంకోసారి నడపండి. చల్లారాక కొలవండి. 40 మి.మీ. ఉక్కు పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మైక్రాన్లు ఉబ్బుతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఈ పని పెట్టుకోకండి, పొద్దున్నే చేయండి.

చివరి పట్టీ పెద్దగా వస్తే, అక్కడికి వెళ్ళేసరికి టూల్ జాబ్ నుంచి మన వైపు జరుగుతోందని అర్థం. టెయిల్‌స్టాక్ వైపు ముందు కాలు, అంటే మనం నిలబడే వైపు కాలు, కొద్దిగా ఎత్తాలి. అప్పుడు క్యారేజ్ పైభాగం గోడ వైపు వాలి, టూల్ జాబ్ మీదకి జరుగుతుంది. చివరి పట్టీ చిన్నగా వస్తే వెనక కాలు ఎత్తాలి.

ఎంత ఎత్తాలో ఒక అంచనా. ముందు, వెనక కాళ్ళ మధ్య 250 మి.మీ., రెండు చివరల కాళ్ళ మధ్య 900 మి.మీ., సెంటర్ ఎత్తు 150 అనుకోండి. 0.1 షిమ్ పెడితే చివర టూల్ 0.06 జరుగుతుంది. మన 150 మి.మీ. దూరంలో అది 0.01, వ్యాసంలో 0.02. బెడ్ గట్టిదనం, స్టాండ్ సాగడం వల్ల నిజంగా జరిగేది దీనికన్నా తక్కువే. అందుకే ఒకసారి సర్దడం, కొత్త కట్ తీయడం, కొలవడం, మళ్ళీ సర్దడం. 150 మి.మీ.లో 0.01 లోపలికి వస్తే ఇంటి పనికి చాలు. మిగిలిన ఆ కాస్త తేడా చక్ దగ్గర పెద్దగా ఉండేలా చూసుకోండి.

బుడగ సమానం, జాబ్ మాత్రం టేపర్ (ఒక చివర లావు, ఒక చివర సన్నం) అయితే జాబ్ మాటే వినండి. కానీ తేడా మరీ పెద్దదై, బెడ్‌ని బాగా మెలిపెడితే తప్ప పోకపోతే, స్పిండిల్ బెడ్‌కి సమాంతరంగా లేదన్నమాట. హెడ్‌స్టాక్ వీ పట్టా మీద కూర్చున్న మిషన్లలో అది తనంతట తాను పక్కకు తిరగడం అరుదు, అడుగున చెత్త ఇరుక్కుందేమో చూడండి. చదును మీద బోల్టులతో బిగించిన రకమైతే బోల్టులు వదులు చేసి సర్దొచ్చు. అది ఆఖరి అస్త్రం.

కోయకుండానే చూసే దారి కూడా ఉంది. నున్నటి రాడ్ ఒకటి చక్‌లో పట్టించండి, వంకరగా తిరిగినా పరవాలేదు. టూల్‌పోస్ట్‌లో డయల్ పెట్టి, కొనను సెంటర్ ఎత్తులో జాబ్ ముందు వైపు ఆనించండి. చక్ దగ్గర చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కువ, తక్కువ రీడింగుల సగటు తీయండి. క్రాస్‌స్లైడ్ కదపకుండా చివరకు వెళ్ళి అదే చేయండి. రెండు సగటుల తేడాయే ఆ దూరంలో స్పిండిల్ గీతకీ బెడ్‌కీ ఉన్న తేడా. రాడ్ వ్యాసం రెండు చోట్లా ఒకటేనా అని కొలవండి. ఒకటి కాకపోతే ఆ తేడాలో సగం లెక్కలోకి తీసుకోవాలి.

నిలువు దిశ గురించి బెంగ వద్దు. టూల్ కొన 0.1 మి.మీ. కిందకి దిగినా 25 మి.మీ. జాబ్ వ్యాసంలో మైక్రాను కన్నా తక్కువ మారుతుంది. పక్కకు 0.1 జరిగితే 0.2 మారుతుంది. ఓపికంతా పక్కదిశ మీద పెట్టండి.

టెయిల్‌స్టాక్, ఫేసింగ్

మెలిక తీశాకే టెయిల్‌స్టాక్. 300 మి.మీ. రాడ్‌ని రెండు సెంటర్ల మధ్య పట్టించి, రెండు చివరలా పట్టీలు కోసి కొలవండి. టెయిల్‌స్టాక్ వైపు పెద్దగా వస్తే సెంటర్ గోడ వైపు ఉంది, మన వైపు లాగాలి. వ్యాసం తేడాలో సగం జరపాలి. పట్టీలు సెంటర్లకు దూరంగా ఉంటే ఆ నిష్పత్తిలో కాస్త ఎక్కువ. 0.08 తేడా ఉంటే 0.04 అన్నమాట. సెంటర్‌ని పట్టే టెయిల్‌స్టాక్ బ్యారెల్‌కి డయల్ ఆనించి, ఒక పక్క స్క్రూ వదిలి రెండోది బిగిస్తూ జరపండి. క్లాంప్ బిగించాక డయల్ మళ్ళీ చూడండి, బిగింపుకే కొద్దిగా జరగడం మామూలే.

ఫేసింగ్ (జాబ్ ముఖాన్ని చదునుగా కోయడం) చూడ్డానికి 150 మి.మీ. ప్లేటు ఒకటి చక్‌లో వేసి ఫేస్ చేయండి. టూల్ నడిచిన వైపే డయల్ నడిపితే సున్నాయే చూపిస్తుంది, ఎందుకంటే డయల్ అదే దారిలో పోతోంది. సెంటర్ దాటించి అవతలి సగం మీద నడిపితే తప్పు రెట్టింపై కనబడుతుంది. ముఖం మధ్యలో కొద్దిగా గుంటగా రావాలి, ఉబ్బెత్తుగా రాకూడదు. ఉబ్బెత్తు ముఖాలు రెండు కలిపి బిగిస్తే మధ్యలోనే ఆని ఊగుతాయి.

ఈ పరీక్షల్లో చక్ పదే పదే తిరుగుతుంది, మీరు వంగి చూస్తూ ఉంటారు. లుంగీ, భుజం మీద తువ్వాలు, మణికట్టుకి తాడు, చేతికి గ్లవ్స్, ఏవీ వద్దు. చక్ బిగించే తాళంచెవి ఎప్పుడూ చక్‌లో వదలకండి.

ఆ తరవాత

అంకెలన్నీ తేదీతో ఒక అట్ట మీద రాసి హెడ్‌స్టాక్ తలుపు లోపల అంటించండి. మర్నాడు ఒకసారి, వారం తరవాత ఒకసారి, నెల తరవాత ఒకసారి బుడగ చూడండి. కొత్త కాంక్రీటు, కొత్త షిమ్‌లు మొదటి నెలలో కొంత సర్దుకుంటాయి. ఆ పైన జూన్‌లో వానలు పడకముందు, జనవరిలో నేల ఆరాక చూస్తే సరిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలా పెద్ద వాన వచ్చి షెడ్డులో నీళ్ళు నిలిస్తే, నేల ఆరాక మళ్ళీ మొదటి నుంచి కొలవాలి.

సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో తుప్పు బెడ్‌కి పెద్ద శత్రువు. పని అయ్యాక పొట్టు తుడిచి స్లైడ్‌వే ఆయిల్ పలచగా రాయండి. నెల్లిమర్ల, రాజాం జనపనార మిల్లులున్న చోట గోనె సంచులకు కొదవ లేదు, వాటిని మాత్రం బెడ్ మీద కప్పొద్దు. గోనె చెమ్మ పట్టి ఉంచుతుంది, వారం తిరిగేసరికి దాని నేత గుర్తు తుప్పుగా బెడ్ మీద పడుతుంది. నూనె రాసిన నూలు గుడ్డ పరచి, గాలి ఆడేలా వదులుగా పైన టార్పాలిన్ వేయండి.